ఫిట్స్ వెనుక మరుపు: మెదడుకు చేరే పరాన్నజీవులు జ్ఞాపకశక్తిని దెబ్బతీసే తీరు

పాలమూరులోనైనా, నల్లగొండలోనైనా ఒక ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే ఆ సంగతి వాడకట్టంతటికీ తెలుస్తుంది. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టేవారు, ఉల్లిగడ్డ వాసన చూపించేవారు, ఆటో మాట్లాడేవారు పరుగున వస్తారు. అదే మనిషి కొన్ని నెలల తర్వాత చిట్టీ కట్టిందీ లేనిదీ చెప్పలేకపోయినా, పొద్దున విన్న మాట మాపటికి మరిచిపోయినా, చేనుకు మందు ఎప్పుడు కొట్టాడో తప్పుగా చెప్పినా దాన్ని ఎవరూ రోగంగా లెక్కపెట్టరు. "యాదికి ఉంటలేదు" అన్న మాట ఇంట్లోవాళ్ల విసుగు దగ్గరే ఆగిపోతుంది, ఓపీ చీటీ దాకా రాదు. ఫిట్స్‌కు, ఈ మరుపుకు ఒకే కారణం ఉండే అవకాశం ఉందనీ, ఆ కారణం మెదడులో చేరిన ఒక పురుగు పిల్ల కావచ్చనీ, సకాలంలో గుర్తిస్తే పోయిన జ్ఞాపకశక్తిలో చాలా భాగాన్ని తిరిగి రాబట్టుకోవచ్చనీ తెలిసి ఉంటే ఆ మాటను అంత తేలిగ్గా వదిలేసే పరిస్థితి ఉండదు.

మెదడులోకి చేరగల పరాన్నజీవులు అనేకం ఉన్నా, మన దేశంలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది బద్దెపురుగు గురించి. దాని శాస్త్రీయ నామం టీనియా సోలియం. దాని పిల్ల దశ మెదడులో తిత్తిగా ఏర్పడితే వచ్చే జబ్బును న్యూరోసిస్టిసెర్కోసిస్ అంటారు. ఈ పురుగు స్థిరపడిన ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తమిళనాడులోని వేలూరు ప్రాంతంలో జరిగిన జనాభా అధ్యయనంలోనూ మూర్ఛతో బాధపడుతున్నవారిలో దాదాపు మూడో వంతు మందిలో ఇదే కనిపించింది. ఊళ్లలో దీన్ని "మెదడులో పురుగు పడింది" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే అది విన్నవారి కళ్ల ముందు మెదుళ్లను తొలిచి తినే పురుగు రూపం కదులుతుంది. జ్ఞాపకశక్తి దెబ్బతినడాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఊహే పెద్ద అడ్డంకి. ఈ పిల్లపురుగు మెదడును తినదు. అది బతికి ఉన్నంతకాలం చాలామందిలో పెద్దగా హానే చేయదు.

పురుగు మెదడుకు చేరే దారి

పూర్తిగా పెరిగిన బద్దెపురుగు మనిషి చిన్నపేగులోనే ఉంటుంది. దాని పొడవు 2 నుంచి 7 మీటర్ల దాకా ఉండవచ్చు. సరిగా ఉడకని, తిత్తులున్న పంది మాంసం తిన్నవారి పేగులో అది పెరుగుతుంది. చివరి ఖండాలు గుడ్లతో నిండి, విడిపోయి, మలంతో బయటికి వస్తాయి. ఒక్కో ఖండంలో 50 వేల వరకు గుడ్లు ఉంటాయి. ఆరుబయట పడిన ఆ మలాన్ని పంది తింటే గుడ్లు దాని కండరాల్లో తిత్తులవుతాయి. పురుగు జీవితచక్రంలో సహజమైన దారి ఇదే. అదే గుడ్లు మనిషి నోట్లోకి వెళ్తే మాత్రం దారి తప్పుతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పేగు గోడను చీల్చుకుని, రక్తంలో కలిసి, కండరాలకు, కంటికి, మెదడుకు చేరుతుంది.

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పంది మాంసం తింటే వచ్చేది పేగులో పురుగు. మెదడులో తిత్తి వచ్చేది పురుగు గుడ్డు మింగడం వల్ల, అంటే మనిషి మలం ఏదో ఒక రూపంలో మనిషి నోటికి చేరడం వల్ల. అందుకే పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని వారికి కూడా ఈ జబ్బు వస్తుంది. 1992లో న్యూయార్క్‌లో పంది మాంసాన్ని మతరీత్యా నిషేధంగా పాటించే యూదు సమాజంలో నలుగురికి ఇది బయటపడింది. ఆ ఇళ్లలో పనిచేసేవారిలో ఒకరి పేగులో బద్దెపురుగు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. పేగులో పురుగున్న మనిషికి పెద్దగా బాధేమీ ఉండదు, అప్పుడప్పుడు మలంలో తెల్లటి చదునైన ముక్కలు కనిపిస్తాయి, అంతే. ఆ మనిషే వంట చేస్తూ, అన్నం వడ్డిస్తూ, చేతులు సరిగా కడుక్కోకపోతే ముందుగా ప్రమాదంలో పడేది ఆ ఇంటివారే. పందులు పెంచి బతికే కుటుంబాలను ఊరి రోగానికి కారకులుగా చూడడం అన్యాయం మాత్రమే కాదు, వైద్యపరంగా తప్పు కూడా. పందికి జబ్బు అంటించింది మనిషి మలమే.

దక్షిణ తెలంగాణలో ఆకుకూరల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ బీబీనగర్, వలిగొండల మీదుగా పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. దారిపొడవునా ఆ నీటితో వరి, గడ్డి, కూరగాయలు పండుతున్నాయి. శుద్ధి చేయని మురుగు నీటితో పండిన కూరగాయలపై పురుగుల గుడ్లు ఉండగలవనేది ప్రపంచమంతటా తెలిసిన విషయం. నీళ్లలో మామూలుగా కలిపే క్లోరిన్‌కు ఈ గుడ్లు చావవు, తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి. ఉడికిస్తే మాత్రం చస్తాయి. కాబట్టి భయం పప్పులో వేసిన పాలకూర గురించి కాదు, పచ్చిగా పైన చల్లుకునే కొత్తిమీర, కోసి పక్కన పెట్టుకునే కీర, ముల్లంగి, ఉల్లిగడ్డల గురించి. వాటిని పారే నీళ్ల కింద ఆకు ఆకు విడదీసి కడగడం చిన్న పనిలా కనిపించినా వదిలేయదగినది కాదు.

ఏళ్ల తరబడి నిశ్శబ్దం, ఆపైన వాపు

మెదడుకు చేరిన పిల్లపురుగు చుట్టూ పల్చని పొర, లోపల తేటనీరు, ఆ నీటిలో కొక్కేలున్న తల, ఇవన్నీ కలిసి 5 నుంచి 10 మిల్లీమీటర్ల తిత్తిగా మారతాయి. మన రోగ నిరోధక వ్యవస్థకు దొరకకుండా ఉండేందుకు అది తన చుట్టూ కొన్ని ప్రోటీన్లను విడుదల చేసి దాడిని అణచి ఉంచుతుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి. బ్రిటిష్ కాలంలో ఇండియాలో పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్లిన సైనికుల్లో ఈ జబ్బు వచ్చిన 450 మంది వివరాలను 1961లో ప్రచురించినప్పుడు, అంటుకున్న నాటికి, మొదటి ఫిట్స్‌కు మధ్య సగటున సుమారు 5 ఏళ్ల వ్యవధి ఉన్నట్టు తేలింది. కొందరిలో అది ఇంకా చాలా ఎక్కువ. అందుకే ఫిట్స్ వచ్చిన వారం రోజుల్లో ఏం తిన్నారో, ఎక్కడికి వెళ్లారో వెతికితే ప్రయోజనం ఉండదు. బతుకుదెరువుకు ముంబై, పుణె వెళ్లి, కూలీల గుడిసెల్లో ఉండి, పాలమూరుకు తిరిగొచ్చిన మనిషికి ఆ గుడ్డు ఎక్కడ, ఎప్పుడు నోట్లో పడిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

తిత్తి ముసలిదై బలహీనపడినప్పుడు, లేదా మందుతో చస్తున్నప్పుడు దాని రక్షణ సడలుతుంది. అప్పుడు రోగ నిరోధక వ్యవస్థ దాన్ని పరాయి పదార్థంగా గుర్తించి చుట్టుముడుతుంది. అక్కడి మెదడు కణజాలం వాచి, నీరు పట్టి, నాడీకణాలు అదుపు లేకుండా సంకేతాలు పంపుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదలయ్యేది ఈ దశలోనే. సీటీ స్కాన్ ఫిల్ములో ఈ దశలన్నీ కంటికి కనిపిస్తాయి. బతికున్న తిత్తి నల్లని గుండ్రని మచ్చలా ఉండి, దాని లోపల ఒక పక్కగా తెల్లని చుక్క కనిపిస్తుంది, ఆ చుక్క పురుగు తల. చస్తున్న తిత్తి, స్కాన్ కోసం నరంలోకి రంగుమందు ఎక్కించాక, తెల్లని ఉంగరంలా మెరుస్తుంది, చుట్టూ వాపు నల్లగా పరుచుకుంటుంది. పూర్తిగా చచ్చి సున్నం పట్టాక జొన్న గింజంత తెల్లని మచ్చ ఒక్కటే మిగులుతుంది. మన దేశంలో ఎక్కువమందిలో కనిపించేది ఇలాంటి ఒక్క చిన్న మచ్చే. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు వేదాంతం రాజశేఖర్, మాథ్యూ చాందీ వీటిని గుర్తించే కొలబద్దలను రూపొందించక ముందు ఇలాంటి మచ్చలెన్నిటినో క్షయ గడ్డలుగా భావించి చికిత్స చేసేవారు.

సున్నం పట్టిన మచ్చను "మానిపోయిన పుండు"గా చెప్పి పంపించేయడం సరైనది కాదు. అది చచ్చిన పురుగే అయినా, ఏళ్ల తర్వాత కూడా దాని చుట్టూ వాపు మళ్లీ మళ్లీ రావచ్చు. సున్నపు మచ్చలతో ఫిట్స్ వచ్చేవారిని నిశితంగా గమనించిన ఒక అధ్యయనంలో, మళ్లీ ఫిట్స్ వచ్చినప్పుడు దాదాపు సగం మందిలో మచ్చ చుట్టూ కొత్త వాపు కనిపించింది.

జ్ఞాపకం ఎక్కడ తెగుతుంది

జ్ఞాపకం మెదడులో ఒకే చోట ఉండదు. కొత్తగా జరిగిన సంగతిని పట్టుకుని నిలవచేసే పనిలో కణతల లోపలి వైపున్న హిప్పోక్యాంపస్‌కు ప్రధాన పాత్ర ఉంది. ఈ విషయం స్పష్టంగా తెలిసింది మూర్ఛ చికిత్స వల్లే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఫిట్స్ తగ్గించడానికి రెండు వైపులా ఆ భాగాలను తీసివేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయే దాకా అతనికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. పాత రోజులు చాలావరకు గుర్తున్నాయి. చేతిపనులను కూడా సాధనతో కొత్తగా నేర్చుకోగలిగాడు, అయితే నేర్చుకున్న సంగతి అతనికే తెలియదు. అంటే చేయి నేర్చే పని, మనసు గుర్తుంచుకునే సంగతి, ఆ క్షణానికి తలలో పట్టి ఉంచుకునే లెక్క, ఇవి మెదడులో వేర్వేరు దారుల్లో నడుస్తాయి.

పోచంపల్లిలోనో, పుట్టపాకలోనో చిటికి కట్టే, అంటే రంగు అద్దే ముందు పోగులను లెక్కపెట్టి ముడివేసే, నేతపనిని దృష్టిలో పెట్టుకుంటే ఈ విభజన తేటతెల్లమవుతుంది. నాడె ఆడించడం, కాలితో తొక్కడం ఏళ్ల తరబడి ఒంటబట్టిన పనులు. వాటిని నడిపేది మెదడు లోతుల్లోని భాగాలు, చిన్నమెదడు. ఎన్ని పోగులకు ఒక కట్టు, ఇప్పుడు ఏ వరుసలో ఉన్నాం అన్న లెక్కను పట్టి ఉంచేది నుదుటి వెనుకున్న ముందుభాగం. నిన్న ఏ రంగు అద్దామన్నది చెప్పేది హిప్పోక్యాంపస్. నుదుటి వెనుక తిత్తి వాచిన నేత కార్మికుడికి చేయి ఎప్పటిలాగే ఆడుతున్నా లెక్క తప్పుతుంది, డిజైన్ చెడుతుంది. ఇంట్లోవాళ్లకు అది శ్రద్ధ లేకపోవడంలా, తాగుడులా, మొండితనంలా కనిపిస్తుంది. పని చేయగలుగుతున్నాడు కాబట్టి జబ్బు లేదన్న తీర్మానం ఇలాంటి చోటే బోల్తా కొడుతుంది.

న్యూరోసిస్టిసెర్కోసిస్‌లో జ్ఞాపకశక్తి తగ్గడానికి కారణాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. తిత్తి ఉన్నచోటనే కలిగే వాపు వాటిలో మొదటిది. దాన్ని మించింది పదే పదే వచ్చే ఫిట్స్ ప్రభావం. ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ విద్యుత్ తుఫాను హిప్పోక్యాంపస్‌ను కూడా కుదిపేస్తుంది, అక్కడి నాడీకణాలు అలాంటి తాకిడిని తట్టుకోలేవు. బ్రెజిల్, ఈక్వెడార్ దేశాల పరిశోధకులు మెదడులో సున్నపు మచ్చలున్నవారిలో హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడాన్ని గమనించారు. మచ్చ మెదడులో వేరే చోట ఉన్నా హిప్పోక్యాంపస్ దెబ్బతినడం ఆలోచించవలసిన విషయం. దానికి మచ్చే నేరుగా కారణమా, లేక ఏళ్లుగా వచ్చిన ఫిట్సా అన్న చర్చ ఇంకా తేలలేదు. రోగి వైపు నుంచి చూస్తే మాత్రం ఫిట్స్‌ను అదుపులో పెట్టడమంటే జ్ఞాపకశక్తిని కాపాడుకోవడం కూడా.

తిత్తులు మెదడు కుహరాల్లోనో, మెదడు అడుగున ఉన్న ద్రవంలోనో పెరిగితే పరిస్థితి మరింత గంభీరంగా ఉంటుంది. మెదడు చుట్టూ తిరిగే ద్రవం దారి మూసుకుపోయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, నడకలో తడబాటు, మూత్రంపై అదుపు తప్పడం, వాటితోపాటు మతిమరుపు వస్తాయి. ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స సకాలంలో జరిగితే వీటిలో చాలా వరకు తగ్గుతాయి. వయసు మీదపడిన మనిషికి ఇవన్నీ ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు "ముసలితనం" అని సరిపెట్టుకోవడం వల్ల జరిగే నష్టం పూడ్చలేనిది.

ఆశ కలిగించే అధ్యయనం ఒకటి మెక్సికోలో జరిగింది. చికిత్స ఇంకా మొదలుకాని 90 మంది న్యూరోసిస్టిసెర్కోసిస్ రోగులను పరీక్షిస్తే వారిలో 14 మందికి, అంటే 15.5 శాతానికి, డిమెన్షియా (రోజువారీ పనులు సాగనీయని తీవ్రమైన మతిమరుపు జబ్బు) నిర్ధారణకు సరిపడేంత జ్ఞాపకలోపం, తెలివితేటల లోపం ఉన్నట్టు తేలింది. వారికి పురుగును చంపే ఆల్బెండజోల్, వాపు తగ్గించే స్టెరాయిడ్లు ఇచ్చి ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆ 14 మందిలో నాలుగింట మూడు వంతులకు పైగా డిమెన్షియా కొలమానం నుంచి బయటపడ్డారు. ఇది 2005లో ప్రచురితమైంది. చిన్న అధ్యయనమే, అందరూ పూర్తిగా మామూలు మనుషులయ్యారని కూడా అది చెప్పలేదు. అయినా డిమెన్షియా అంటే వెనక్కి రాని దారి అన్న నమ్మకాన్ని ఈ జబ్బు విషయంలో మార్చుకోవడానికి అది చాలు. పురుగు మెదడును తినేసి ఉంటే ఇలా కోలుకోవడం సాధ్యమయ్యేది కాదు. వాపు, ఒత్తిడి, ఫిట్స్ చేసిన నష్టం కాబట్టే, వాటిని తగ్గిస్తే కొంతైనా వెనక్కి వస్తుంది.

మిగతా పరాన్నజీవులు

మలేరియా క్రిమి మెదడులోకి చొరబడకుండానే జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే. ప్లాస్మోడియం ఫాల్సిపారం సోకిన ఎర్ర రక్తకణాలు జిగురుగా మారి మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుంటాయి, రక్త ప్రవాహం అడ్డుపడి, నాళాల గోడలు దెబ్బతిని, మెదడు వాస్తుంది, పిల్లలు స్పృహ కోల్పోతారు. బతికి బయటపడినవారి సంగతి ఉగాండాలో తేలింది. ఇలా మెదడును దెబ్బతీసే సెరిబ్రల్ మలేరియా వచ్చిన పిల్లలను రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే సుమారు 26 శాతం మందిలో గ్రహణశక్తి లోపం కనిపించింది, అదే పరిసరాల్లోని ఆరోగ్యవంతులైన పిల్లల్లో అది 8 శాతం లోపే. జ్వరం తగ్గి ఇంటికి వెళ్లిన పిల్లవాడు బడిలో వెనకబడితే అతని బుద్ధిని తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి. తెలంగాణలో మలేరియా ప్రధానంగా గోదావరి వైపు అటవీ ప్రాంతాల్లో కనిపిస్తుంది, దక్షిణ జిల్లాల్లో తక్కువ. మలేరియా ప్రాంతాల నుంచి వచ్చినవారికి చలి జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించడం మాత్రం మానకూడదు.

పిల్లుల ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా గురించి ఈమధ్య చాలా ప్రచారం జరిగింది. ప్రపంచ జనాభాలో సుమారు మూడో వంతు మందికి అది ఎప్పుడో ఒకప్పుడు సోకి ఉంటుందని అంచనా, నాడీకణాల్లో అది నిద్రాణంగా జీవితాంతం ఉండిపోగలదు. ఆరోగ్యవంతుల జ్ఞాపకశక్తిని అది తగ్గిస్తుందన్న వాదనకు బలం తక్కువ. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి పరిశీలనలో ఉన్నవారిపై 2016లో వెలువడిన అధ్యయనంలో అలాంటి సంబంధానికి పెద్దగా ఆధారం దొరకలేదు. వయసు మళ్లినవారిలో కొంత తేడా ఉందన్న అధ్యయనాలు కూడా ఉన్నాయి. నిజమైన ప్రమాదం హెచ్‌ఐవీ ముదిరి రోగ నిరోధక శక్తి పడిపోయినవారికి. వారిలో అది మెదడువాపుగా విజృంభించి గందరగోళం, మరుపు, పక్షవాతం తెస్తుంది, మందులకు బాగానే లొంగుతుంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఆపకుండా వాడటమే అసలైన రక్షణ.

గొర్రెల మందలున్న ఊళ్లలో హైడాటిడ్ తిత్తి గురించి ఒక మాట. 2019 పశుగణన ప్రకారం దేశంలో అత్యధిక గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు వేస్తే ఆ కుక్క పేగులో ఎకైనోకాకస్ పురుగు పెరుగుతుంది, దాని గుడ్లు మనుషులకు చేరతాయి. మెదడులో తిత్తి ఏర్పడేది నూటికి ఒకరిద్దరిలోనే. పారేసే పేగులను, కాలేయాన్ని పూడ్చిపెట్టడం గొల్ల కురుమ కుటుంబాలకు పైసా ఖర్చు లేని జాగ్రత్త.

ఆసుపత్రిలో అడగవలసినవి

ఫిట్స్‌తోపాటు మరుపు ఉన్న ప్రతి మనిషికీ పురుగే కారణమని అనుకోవడం కూడా తప్పే. క్షయ గడ్డ స్కాన్‌లో అచ్చంగా ఇలాగే కనిపించగలదు. ఈ జిల్లాల్లో ప్రత్యేకంగా అడగవలసింది కల్లు గురించి. ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, వింతగా ప్రవర్తిస్తారు. తాగుతున్నన్ని రోజులూ అదే మందు కొత్త జ్ఞాపకాలను నిలవనీయదు. రోగి సిగ్గుపడి చెప్పడు, ఇంటివారు పరువుకు భయపడి చెప్పరు, డాక్టరు అడగడు. ఆ ముగ్గురి మౌనం వల్ల అక్కరలేని స్కాన్‌లు జరుగుతాయి, అవసరమైన చికిత్స ఆలస్యమవుతుంది. బి12 లోపం, థైరాయిడ్ లోపం వంటి సులభంగా సరిచేయగల కారణాలను కూడా రక్తపరీక్షతో తేల్చుకోవచ్చు.

జ్ఞాపకశక్తిని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలు వేరే మాటల్లో పెట్టి, మళ్లీ అడగడం తొలిమెట్టు. చదువు రాని మనిషిని తేదీ, సంవత్సరం, వందలోంచి ఏడేసి చొప్పున తీసివేతలు అడిగి "మతిమరుపు" అని రాస్తే అది పరీక్ష లోపమే అవుతుంది. భారత వైద్య పరిశోధనా మండలి తయారు చేయించిన గ్రహణశక్తి పరీక్షల సంపుటి తెలుగులో కూడా ఉంది. అది అందుబాటులో లేనిచోట ఇంటివారిని అడిగే నాలుగు ప్రశ్నలు ఎంతో చెబుతాయి: వడ్డీ లెక్క మునుపటిలా చెబుతున్నాడా, సంతకు వెళ్లి చెప్పిన సరుకులన్నీ తెస్తున్నాడా, ఒకే సంగతిని పొద్దుమూకి రెండుసార్లు అడుగుతున్నాడా, తెలిసిన దారి తప్పుతున్నాడా. వచ్చిన జవాబులను మొదటి రోజే చీటీ మీద రాసి పెడితే, ఆరు నెలల తర్వాత తగ్గిందో పెరిగిందో పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఏర్పడ్డాక ప్రతిదానికీ హైదరాబాద్ పరుగెత్తే అవసరం కొంత తగ్గింది.

చికిత్సలో క్రమం ముఖ్యం. ముందు ఫిట్స్‌ను, వాపును అదుపులోకి తెస్తారు. తర్వాత, బతికున్న తిత్తి ఉంటేనే, ఆల్బెండజోల్ ఇస్తారు. తిత్తులు ఎక్కువగా ఉంటే దానికి ప్రాజిక్వాంటెల్ కూడా జోడిస్తారు. పురుగు చచ్చేటప్పుడు వాపు పెరుగుతుంది కాబట్టి స్టెరాయిడ్ తప్పనిసరిగా తోడుండాలి. కంట్లో తిత్తి ఉంటే మందు వల్ల చూపు పోవచ్చు, అందుకే ముందు కంటి పరీక్ష చేస్తారు. మెదడంతా వాచిపోయిన స్థితిలో ఈ మందు ప్రాణం మీదకు తెస్తుంది. సున్నం పట్టిన మచ్చకు పురుగుల మందుతో పని లేదు. ఈ కారణాలన్నిటి వల్ల, స్కాన్ రిపోర్టులో పేరు చూసి మందుల దుకాణంలో ఆల్బెండజోల్ కొనుక్కుని మింగడం ప్రమాదకరం. బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల నివారణ దినాన పిల్లలకు ఇచ్చే ఒక్క 400 మిల్లీగ్రాముల మాత్ర పేగు పురుగుల కోసం ఉద్దేశించింది, దాన్ని మెదడు జబ్బు చికిత్సతో కలిపి చూడకూడదు. పిల్లలకు దాన్ని మానిపించనూ కూడదు. ఇప్పటికే ఫిట్స్ వస్తున్న పిల్లలు ఉంటే మాత్రం ఆ సంగతి ముందుగా సిబ్బందికి చెప్పాలి.

ఫిట్స్ మందుల గురించి కూడా దాచకుండా మాట్లాడాలి. ఫినోబార్బిటోన్ వంటి చవకైన పాత మందులు మగతను, మందకొడితనాన్ని తెస్తాయి, చదువుకునే పిల్లల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. అలాగని సొంతంగా ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, దానివల్ల జ్ఞాపకశక్తికి జరిగే హాని మందు చేసే హాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డాక్టరుకు మరుపు గురించి చెబితే మోతాదు సర్దవచ్చు, మందు మార్చవచ్చు. చెప్పకపోతే ఏ మార్పూ జరగదు.

ఇక పురుగునే లేకుండా చేయడం సాధ్యమా అంటే, కొంతమేరకు సాధ్యమని పెరూ నిరూపించింది. అక్కడి తుంబెస్ ప్రాంతంలో మనుషులకు, పందులకు కలిపి చికిత్స చేసి, పందులకు టీకా వేసి 107 ఊళ్లలో 105 చోట్ల వ్యాప్తిని ఆపగలిగారు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పందులకు వేసే ఈ టీకా ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధనలో పుట్టింది, మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునాలజికల్స్ సంస్థ. దిగుడు బావుల నీటితో వచ్చే నారికురుపు ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలను పీడించి, చివరి కేసు 1996లో నమోదై, 2000లో దేశం నుంచి పూర్తిగా పోయినట్టు ధ్రువీకరణ పొందింది. దానికి టీకా గానీ, మందు గానీ లేవు, నీటిని వడగట్టడం, బావులకు మెట్లు లేకుండా చేయడం, ఊరూరా తిరిగి కేసులు వెతకడం అనే పనులతోనే అది పోయింది. బద్దెపురుగు విషయంలో టీకా ఉంది, మందు ఉంది, ఆ టీకా తయారయ్యేది కూడా మన దగ్గరే. ఫిట్స్‌తో వచ్చిన రోగికి తిత్తి ఉన్నట్టు తేలిన రోజున ఆ ఇంట్లో అందరికీ మల పరీక్ష చేసి, పేగులో పురుగున్నవారిని గుర్తించి మందు ఇవ్వడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో రేపటి నుంచే మొదలుపెట్టగల పని.